మూడు ఫేజుల షట్టర్

మా ఆయన చనిపోయి గత నెలతో ఏడాదైంది. సంవత్సరీకం నాడు వచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. దయామయుడన్నారు, ధర్మాత్ముడన్నారు. అవి ఎవరి గురించైనా అనగలిగే మాటలు. నేను కాపురం చేసిన మనిషిని వాటిలో వెతికితే దొరకలేదు. నాకు కళ్లముందు కనబడేది వేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు షెడ్డు ముందు ఎండలో నిలబడి, పని చెయ్యని బటన్ మీద వేలు పెట్టి, అది పని చేస్తున్నట్టే పైకి చూస్తూ ఉండే మనిషి. ఆ సంగతి రాస్తాను.

మా ఊరు దమ్మపేట దాటాక, ములకలపల్లి వైపు అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్నవాళ్లం. డెబ్భైల్లో మేం వచ్చేనాటికి నీళ్లు తోడడానికి ఆయిల్ ఇంజన్లే దిక్కు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. ఇంజన్ని అమ్మెయ్యమంటే ఆయన అమ్మలేదు. ఎప్పటికైనా పనికొస్తుందన్నారు.

ఎనభైల చివర ఒక ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారం రోజులు కరెంటు లేదు. చెరుకు ఎండిపోతుంటే పాత ఇంజన్ని బయటికి తీశారు. ఆయిల్ ఇంజన్ని హ్యాండిల్ వేసి తిప్పాలి. ఇంజన్ అందుకోగానే హ్యాండిల్ ఊడదీసుకోవాలి. ఒక్కోసారి అది అందుకోకుండా వెనక్కి తన్నుతుంది. ఆ రోజు తన్నింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. నేను ఖమ్మం దవాఖానాకు పోదామన్నాను. ఆయన కట్టు కట్టే మనిషి దగ్గరికి పోయారు. మూడు నెలలకు ఎముక అతుక్కుంది, అతుక్కోవలసిన చోట కాదు.

ఆ తర్వాత ఆ చెయ్యి భుజం కిందుగా అన్ని పనులూ చేసేది. అన్నం కలిపేది, స్టీరింగ్ తిప్పేది, సంతకం పెట్టేది. భుజం దాటి పైకి మాత్రం లేచేది కాదు. దండెం మీది తువ్వాలు కావాలంటే ఎడమ చెయ్యి. బస్సులో పై కమ్మీ పట్టుకోవాలంటే ఎడమ చెయ్యి.

దెబ్బ తగిలిందని ఊరికి తెలుసు, చెయ్యి పైకి లేవదని మాత్రం ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. ఉత్త పంతం కాదు, కారణం ఉంది. మా బావగారు, అంటే ఆయన అన్నగారు, కృష్ణా జిల్లాలోనే ఉండిపోయారు. దెబ్బ తగిలిందని తెలిసిన దగ్గర్నుంచి నెలకో ఉత్తరం రాసేవారు. ప్రతి ఉత్తరమూ ఒకేలా ముగిసేది. చెయ్యి బాగోలేనివాడివి ఆ అడవిలో ఏం చేస్తావు, భూమి కౌలుకిచ్చేసి ఇక్కడికి వచ్చెయ్యి అని. మోళ్లు పీకి, గట్లు వేసి ఆ భూమిని ఒక దారికి తెచ్చింది మా ఆయన. కౌలు అనే మాట వింటే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ మాట ఆయన వినడానికి ఉత్తరాల దాకా పోనక్కర్లేదు. ఎదురింట్లోనే ఒకతను ఉండేవాడు. మాకంటే చిన్నవాడు, చుట్టరికం ఏమీ లేదు, అయినా నన్ను అక్కా అని, మా ఆయన్ని బావా అని పిలిచేవాడు. నాకు తమ్ముడే అనుకునేదాన్ని. అతని పొలమూ మా పొలమూ పక్కపక్కనే. మధ్యలో గట్టు ఒక్కటే. ఆ గట్టు పక్కన ఉన్న మా రెండెకరాల ముక్క మీద అతనికి ఎప్పటి నుంచో కన్ను. మా ఆయన ఏ బరువు దగ్గరైనా కాస్త తడబడితే చాలు, అరుగు మీద నుంచి పలకరించేవాడు.

"ఏంది బావా, చెయ్యి గుంజుతుందా. ఆ రెండెకరాలు నాకు కౌలుకియ్యరాదు. నీకు ఆరాం, నాకు కాలక్షేపం."

"ముందు నీ పొలంలో తుంగ పీక్కో," అనేవారు మా ఆయన.

మా ఇంటి పక్కనే ఎడ్లబండి పెట్టే పాక ఉండేది. ఎడ్లు పోయి, ఖమ్మంలో ఒకాయన వాడేసిన అంబాసిడర్ వచ్చాక గోడలు లేపి దాన్ని కారు షెడ్డు చేశాం. ముందు వైపు పాత టేకు తలుపులు రెండు పెట్టించాం. వెనక వైపు చిన్న తలుపు, అది నేరుగా నా వంటింట్లోకి తెరుచుకుంటుంది. టేకు తలుపులు వానాకాలం ఉబ్బి నేలను ఒరుసుకునేవి. పై గడియ మనిషి తలకంటే జానెడు ఎత్తున ఉండేది. ఒక చేత్తో తలుపును పై భాగంలో నెట్టి పట్టుకుని, రెండో చేత్తో గడియ లాగాలి. మా ఆయన ఎడమ చేత్తో గడియ అందుకుని, తలుపును నుదుటితో నెట్టేవారు.

"రోజూ తలుపుకు దండం పెడుతున్నవ్ బావా, ఏమన్న మొక్కు ఉందా?" అనేవాడు ఎదురింటి తమ్ముడు.

తేలిగ్గా ఉండే కొత్త తలుపులు చేయిద్దామంటే వడ్రంగి ఒప్పుకోలేదు. అడవి పక్కన ఉన్నవాళ్లకే టేకు కష్టం. ఇంటి ముందు కొత్త పలక కనబడితే అది ఎక్కడిదో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో కాగితం చూపించాలి. "మీ తలుపులు కాగితాలు పుట్టకముందువి. వాటిని కదిలించకండి," అన్నాడు.

అలాంటి రోజుల్లో, తొంభైలు మొదలైన కొత్తలో, ఆయన ఖమ్మంలో ఒక బట్టల కొట్టు షట్టర్ తనంతట తాను లేవడం చూశారు. కొట్టాయన గోడ మీద బటన్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడట. "చేతులు కట్టుకుని నిలబడ్డాడు," అని ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పారు. షట్టర్ కంటే ఆ కట్టుకున్న చేతులే ఆయనకు నచ్చాయని నాకు అర్థమైంది.

వారం తిరక్కుండా ఇద్దరం కారులో ఖమ్మం పోయాం. షట్టర్లు చేసే కొట్టులో యజమాని మమ్మల్ని చూసి లేచాడు.

"గోడౌనుకాండి, షాపుకాండి?"

"ఇంటికి," అన్నారు మా ఆయన.

"ఇంట్లో ఏం షాపండి?"

"షాపు కాదు. కారు."

"ఎన్ని కార్లండి?"

"ఒకటి."

అతను తల వంచి, బయట నిలబెట్టిన మా కారును కిటికీలోంచి చూశాడు. దారిలో దుమ్మంతా దాని మీదే ఉంది. దాన్నెవరు ఎత్తుకుపోతారని అడగబోయి, కొనడానికి వచ్చినవాళ్లతో అలా అనకూడదని గుర్తొచ్చినట్టుంది, రెండు కుర్చీలు వేయించి టీ తెప్పించాడు.

మొదట రేకు మందం ఎంచుకోవాలి. మా ఆయన అన్నిటికంటే మందమైన రేకును వేలితో తట్టి చూసి అదే కావాలన్నారు. అంత మందం బ్యాంకులకు వేస్తామని కొట్టాయన అన్నాడు. వెయ్యమన్నారు. తర్వాత రంగు. ఆకుపచ్చ బాగుంటుందని కొట్టాయన అంటే, ఇంటి ముందు అటవీశాఖ చెక్‌పోస్టు పెట్టినట్టు ఉంటుందని ఈయన అన్నారు. బూడిద రంగు ఖాయమైంది. మిగిలింది మోటారు.

మోటార్లు రెండు రకాలు. చిన్నది సింగిల్ ఫేజు మీద, అంటే ఇంట్లో బల్బు వెలిగే కరెంటు మీద నడుస్తుంది. పెద్దది త్రీ ఫేజు, పొలం బోర్లకు ఉండేలాంటిది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో బల్బు కరెంటు దాదాపు రోజంతా ఉండేది. త్రీ ఫేజు మాత్రం పొలాల కోసం వంతుల ప్రకారం ఇచ్చేవారు. ఒక వారం పొద్దున కొన్ని గంటలు, మరో వారం మధ్యాహ్నం నుంచి. ఆ గంటలు దాటితే బోర్లన్నీ ఆగిపోయేవి.

"ఇళ్లకు చిన్నదే ఇస్తామండి," అన్నాడు కొట్టాయన.

"సింగిల్ ఫేజంటే గ్రైండరు. రుబ్బుకోడానికి పనికొస్తుంది. బరువు లేవాలంటే త్రీ ఫేజు ఉండాలి."

"చిన్నది కూడా లేపుతుందండి. కొంచెం నిదానం."

"పెద్దదే ఇవ్వు. మా వెనక దొడ్లో బోరు ఉంది, ఆ లైను కలుపుకుంటాం."

నేను అక్కడ బల్ల మీద ఉన్న చిన్న పుస్తకం చదువుతున్నాను. ఇంగ్లీషులో ఉంది. ఇళ్లకు ఏది సరిపోతుందో మూడో పేజీలో స్పష్టంగా రాసి ఉంది.

"ఏవండీ, త్రీ ఫేజు మనకు రోజంతా ఉండదు కదా," అన్నాను మెల్లగా.

"నాట్లు కరెంటు చూసుకునే వేస్తున్నాం. చెరుక్కి నీళ్లు కరెంటు చూసుకునే పెడుతున్నాం. కారుకేం వచ్చింది? అదీ చూసుకునే బయటికొస్తుంది."

ఏళ్ల తరబడి వంతుల కరెంటుతో బతికిన రైతుకు ఆ మాటలో తప్పు కనబడదు. నిజం చెప్పాలంటే ఆ నిమిషం నాకూ కనబడలేదు. పుస్తకం మూసేశాను.

బేరం అయ్యాక కొట్టాయన లోపలికి పోయి ఒక ఇనప హ్యాండిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు చోట్ల వంగి ఉంది. అచ్చం ఆయిల్ ఇంజన్ హ్యాండిలే. "కరెంటు లేనప్పుడు దీన్ని పక్కనున్న గేరుకు తగిలించి తిప్పుకోవాలండి," అన్నాడు.

మా ఆయన కుడి చెయ్యి బల్ల మీద నుంచి తీసేశారు.

"ఇది మాకొద్దు."

"దాంతో పాటే వస్తుందండి. ఊరికే."

"ఊరికే ఇచ్చినా వద్దు."

ఆయన కారు దగ్గరికి నడిచారు. కొట్టాయన నా వైపు చూశాడు. నేను హ్యాండిల్ తీసుకుని సంచిలో, అప్పుడే కొన్న దిండు గలీబుల కింద పెట్టాను. ఇంటికొచ్చాక బియ్యం డబ్బాలో అడుగున దాచాను. ఆ డబ్బాలో ఆయన ఎప్పుడూ చెయ్యి పెట్టరు.

షట్టర్ బిగించడానికి ఖమ్మం నుంచి ఫిట్టర్ వచ్చాడు. రెండు రోజులు పట్టింది. బయట గోడకు తాళం చెవితో తెరిచే చిన్న పెట్టె, అందులో రెండు బటన్లు. లోపల కూడా అలాంటివే రెండు. మొదటిసారి పైకి లేచే బటన్ నొక్కితే షట్టర్ కిందికి దిగడానికి గింజుకుంది. ఫిట్టర్ తల గోక్కున్నాడు. మా ఆయన నవ్వారు. బోరు మోటారు తిరగబడి తిరిగితే ఏం చెయ్యాలో ప్రతి రైతుకూ తెలుసు. మూడు వైర్లలో రెండు అటుదిటు మార్చాలి, అంతే. ఆయనే స్క్రూడ్రైవర్ తీసుకుని మార్చారు. షట్టర్ లేచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. దెబ్బ తగిలాక ఆయన్ని అంత హాయిగా నేను చూడలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఊళ్లోవాళ్లను చూడటానికి పిలిచారు. ఇరవై మంది దాకా వచ్చారు. కొబ్బరికాయ కొట్టాక ఎవరి కోరిక ప్రకారం వాళ్లు బటన్ నొక్కి చూశారు. లోపల నుంచి మూస్తే ఎలా ఉంటుందో కూడా చూడాలన్నాడు ఎదురింటి తమ్ముడు. అందరూ లోపలికి వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. మా ఆయన బటన్ నొక్కారు. షట్టర్ నేలకు ఆనింది. బాగుంది బాగుంది అన్నారు. తెరవడానికి నొక్కారు. లేవలేదు.

మూడింటికి కరెంటు వంతు అయిపోతుందని ఆ ఇరవై మందికీ తెలుసు. ఒక్కరూ గడియారం చూసుకోలేదు.

"తెరువు బావా."

"తెరుస్తా."

"ఎప్పుడు?"

"వంతు వచ్చినప్పుడు."

"బల్బు వెలుగుతుంది గదా."

"అది వేరే కరెంటు."

వెనక నుంచి ఎవరో, ఖమ్మంలో ఇలాంటివాటికి తిప్పే హ్యాండిల్ ఉంటుందని అన్నారు. అందరూ మా ఆయన వైపు తిరిగారు. "దీనికి అలాంటిదేం లేదు. ఇది పూర్తిగా కరెంటుది," అన్నారాయన. హ్యాండిల్ ఉందని నా నాలుక చివరి దాకా వచ్చింది. అది బయటికి తీస్తే ఎవరు తిప్పుతారు? ఇంటాయన ఉండగా ఇంకొకరు తిప్పరు. అందుకని వెనక తలుపు తీశాను.

ఇరవై మందీ చెప్పులు చేత పట్టుకుని, వరసగా, నా వంటింట్లోంచి నడిచి వీధిలోకి వెళ్లారు. అంట్లు ఇంకా తోమలేదు. ఎదురింటి తమ్ముడు చివరగా వచ్చాడు. పొయ్యి పక్కనున్న గిన్నె మూత తీసి చూశాడు.

"దోసకాయ పప్పా అక్కా? షట్టర్ పుణ్యాన మీ ఇంటి కూర తెలిసింది."

ఆ రోజు నుంచి మా ఇంటి వేళలన్నీ కరెంటుతో నడిచాయి. పొద్దున వంతు ఉన్న వారం సత్తుపల్లి పనులు పొద్దున పెట్టుకునేవారు. మధ్యాహ్నం వంతు ఉన్న వారం పెళ్లిళ్లకు భోజనాలయ్యాక చేరుకునేవాళ్లం. ఒకసారి తలంబ్రాల వేళకు వెళ్లాల్సింది, పందిరి విప్పేవేళకు వెళ్లాం. కారును రాత్రి బయటే ఉంచుదామని నేను అన్నాను. షట్టర్ ఉన్న ఇంటి కారు వీధిలో ఉంటే నలుగురూ ఏమనుకుంటారన్నారు.

ఊరికి మాత్రం మేలు జరిగింది. త్రీ ఫేజు వచ్చిందో లేదో తెలియాలంటే ఎవరైనా బోరు దాకా నడవాలి. ఇప్పుడు మా షెడ్డు వైపు చూస్తే చాలు. వంతు వేళకు మా ఆయన బటన్ నొక్కి చూసేవారు. షట్టర్ కదిలితే వీధి చివరి దాకా "వచ్చింది, వచ్చింది" అని కబురు పోయేది, రైతులు పొలాలకు పోయేవాళ్లు.

ఇలా ఉండగా మా బావగారి ఉత్తరం వచ్చింది. ఈసారి రాతతో సరిపెట్టలేదు. రైల్లో కొత్తగూడెం వస్తున్నానని, నీ చెయ్యి సంగతి నా కళ్లతో చూసుకుని, కౌలు విషయం మాట్లాడి వెళ్తానని రాశారు. ఉదయం పదకొండింటికి రైలు. కారు తీసుకుని నేనే స్టేషన్‌కు ఎదురొస్తానని మా ఆయన జవాబు రాశారు. తానే కారు తోలుకుంటూ ఎదురెళ్తే అన్నగారికి చెయ్యి గురించి వేరే మాట ఉండదని ఆయన లెక్క. ఉత్తరం పోస్టు చేశాక నేను వంతులు చూశాను. ఆ వారం త్రీ ఫేజు మధ్యాహ్నం రెండింటికి.

ఆ ఉదయం ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని షట్టర్ ముందు నిలబడ్డారు. ఐదు నిమిషాలకోసారి బటన్ నొక్కుతున్నారు, ఒకవేళ పొరపాటున ముందే ఇస్తారేమోనని. ఎదురుగా అరుగు మీద తమ్ముడు వేపపుల్ల నములుతున్నాడు.

"ఏంది బావా, ఎటో పయనం. ఇంకా ఎల్లలే?"

"కరెంటు రావాలి."

"పొలానికా, కారుకా?"

నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన ఎడమ చేత్తో షట్టర్ అడుగు పట్టుకుని, ఎవరూ చూడనట్టు, ఒకసారి లాగి చూశారు. బ్యాంకు రేకు, అది కదలలేదు. తర్వాత మళ్లీ బటన్ మీద వేలు పెట్టి అలాగే ఉంచేశారు.

నేను బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి హ్యాండిల్ తీశాను. చీర కొంగుతో తుడిచాను. వెనక తలుపు లోంచి షెడ్డులోకి పోయి, గోడ పక్కనున్న గేరుకు తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. అరవై చుట్లు. ముప్పై దగ్గర చేతులు పడిపోయాయి, ఆగలేదు. కింద సందులోంచి మొదట ఆయన చెప్పులు కనబడ్డాయి, తర్వాత పంచె అంచు. మోకాళ్లు కనబడేవేళకు వీధిలోంచి కేక వినబడింది.

"వచ్చింది, కరెంటు వచ్చింది."

తమ్ముడు వేపపుల్ల పారేసి, తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పరుగెత్తాడు. అతని వెనక మరో నలుగురు. షట్టర్ పూర్తిగా లేపి, వంటింట్లోకి పోయి హ్యాండిల్‌ను మళ్లీ బియ్యం డబ్బాలో పెట్టేశాను. ఆయన లోపలికి వచ్చి, గేరు వైపు చూడకుండా కారెక్కి, నేను ఉన్న వైపు కూడా చూడకుండా వెళ్లిపోయారు.

మా బావగారు రెండు రోజులు ఉన్నారు. పొలమంతా తిరిగారు. మా ఆయన కారు తోలడం, బటన్ నొక్కి షట్టర్ లేపడం చూశారు. వాళ్ల ఊళ్లో బ్యాంకుకు తప్ప ఏ ఇంటికీ ఇలాంటిది లేదన్నారు. కౌలు మాట ఎత్తకుండానే రైలెక్కారు. ఆ తర్వాత ఆయన ఉత్తరాలు వేరేగా ముగిశాయి.

హ్యాండిల్ గురించి మా ఇద్దరి మధ్య ఒక్క మాట జరగలేదు. కానీ ఆ తర్వాత ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, గోడ మీది క్యాలెండర్‌తో చెబుతున్నట్టు, "నేను పదింటికి బయల్దేరాలి," అనేవారు. వంతు పదింటికి కాకపోతే నేను పదికి ఐదు నిమిషాల ముందు పొయ్యి తగ్గించేదాన్ని. ఆయన బయట బటన్ నొక్కేవారు. నేను లోపల తిప్పేదాన్ని. ఒక్కోసారి నేను ముందే మొదలుపెట్టేదాన్ని, ఆయన అప్పుడే పెట్టె తాళం తీస్తుండేవారు. అప్పుడు బయట నుంచి దగ్గు వినబడేది. ఆగేదాన్ని.

ఊళ్లో రైతులకు ఇది పెద్ద తిప్పలైంది. షట్టర్ లేవగానే పొలాలకు పరుగెత్తడం, బోరు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం, తిరిగొచ్చి మా ఆయన్ని అడగడం.

"రెండు నిమిషాలు ఇచ్చి తీసేశాడయ్యా," అనేవారు ఆయన, ఊరందరి తరఫునా తనే బాధపడుతున్నట్టు.

"మునుపు మోటారు ఘోరంగ మొత్తుకునేది బావా. ఇప్పుడు సప్పుడే లేదు," అన్నాడు తమ్ముడు ఒకరోజు.

"గ్రీజు పెట్టించా."

"సప్పుడు బందు చేసే గ్రీజు ఏం గ్రీజు? నా బోరుకు గింత ఇయ్యరాదు."

"అయిపోయింది."

ఇలా రెండు నెలలు నడిచింది. మా లైన్ చూసే ఎలక్ట్రిసిటీ హెల్పర్ ములకలపల్లి దగ్గర గూడెం నుంచి వచ్చేవాడు. నిదానస్తుడు, తక్కువ మాట్లాడేవాడు. ఒకరోజు ఉదయం మా ఆయన సత్తుపల్లి పోవాలి. వంతు మధ్యాహ్నానికి. నేను లోపల ఇరవై చుట్లు తిప్పానో లేదో, హెల్పర్ సైకిల్ మీద మా వీధిలోకి వచ్చాడు. ఎదురింటి తమ్ముడు అరుగు దిగి అతన్ని పట్టుకున్నాడు. నాకు షట్టర్ కింది సందులోంచి సైకిల్ చక్రాలు, రెండు జతల కాళ్లు కనబడుతున్నాయి.

"ఏందయ్యా నీ పరాచికం. వారంల మూడు మాట్ల ఇచ్చి తీస్తున్నవ్. ఉరికి ఉరికి నా కాళ్లు పడిపోయినయ్."

"నేను ఇయ్యలే."

"ఇయ్యకుండనే లేస్తుందా? అగో చూడు, ఇప్పుడు గూడ లేస్తుంది."

"లేస్తే ఆ షట్టర్నే అడుగు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ చెట్టు కొమ్మ కొడుతున్నం. ఫ్యూజులు మూడూ పొద్దుగాల్నే పీకిన. ఇగో, నా సంచిల ఉన్నయ్."

సంచి తెరిచిన చప్పుడు, పింగాణీ ఫ్యూజులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. నేను హ్యాండిల్ పట్టుకుని ఆగిపోయాను. షట్టర్ మోకాలి ఎత్తున నిలబడింది. తిప్పితే ఒక తప్పు, తిప్పకపోతే ఇంకో తప్పు. ఆయన చెప్పులు కదలలేదు. వేలు ఇంకా బటన్ మీదే ఉండి ఉంటుంది. ఆ రెండు జతల కాళ్లలో ఒక జత మెల్లగా పక్కకు జరిగి, నాకు కనబడకుండా పోయింది.

వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడైంది. తలుపులో ఎదురింటి తమ్ముడు.

నన్ను చూశాడు. హ్యాండిల్ చూశాడు. నా చీర మీద గేరు మరకలు చూశాడు. షట్టర్ కింద నిలబడి ఉన్న బావ చెప్పుల వైపు చాలాసేపు చూశాడు. టేకు తలుపుకు నుదురు ఆనించిన రోజులు అతనికి గుర్తొచ్చాయేమో నేను చెప్పలేను. నాకు మాత్రం గుర్తొచ్చాయి. ఇక రేపటి నుంచి ఈ చెయ్యి సంగతి ఊరంతా తెలుస్తుంది, ఎల్లుండి ఉత్తరాల్లోకి ఎక్కుతుంది అనుకున్నాను.

"జరుగు అక్కా," అన్నాడు చాలా మెల్లగా. హ్యాండిల్ నా చేతుల్లోంచి తీసుకున్నాడు. "నీ చేతులు గూడ పోతే నేను కౌలు ఎవలనడగాలె?"

అతను తిప్పితే షట్టర్ నా వేగం కంటే మూడింతల వేగంతో లేచింది. వీధిలో హెల్పర్ తన సంచిలోకి చూసుకున్నాడు. ఫ్యూజులు మూడూ ఉన్నాయి. మళ్లీ షట్టర్ వైపు చూశాడు. మా ఆయన ముఖం వైపు కూడా కాసేపు చూశాడు.

"మీది వేరే లైనేమో సార్," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

తమ్ముడు వచ్చిన దారినే వెళ్లి, ఏమీ ఎరగనట్టు తన అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన కారు బయటికి తీసి, అరుగు ముందు ఆపారు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. తమ్ముడి రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి. దాచుకోవాలని అతనికి తోచలేదు. ఆయన ఆ చేతుల వైపు చూశారు.

"గ్రీజు అడిగావు కదా. దొరికిందా?"

"దొరికింది బావా. మంచి గ్రీజు."

"అంటుకుంటే తొందరగా పోదు."

"పోకున్నా ఏం గాదు."

కారు వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చాక అన్నం దగ్గర నాతో ఒకే మాట అన్నారు. "ఇవాళ మోటారు జోరుగా లేపింది." అవునండీ అన్నాను.

తర్వాతి వారం ఆయన తనంతట తాను వీధి దాటి ఎదురింటి అరుగెక్కారు. అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు. నేను పూలు కోస్తున్నట్టు కంచె దగ్గర నిలబడ్డాను.

"గట్టు పక్క రెండెకరాలు ఈ ఏడు నువ్వు చేసుకో," అన్నారు.

తమ్ముడు తువ్వాలుతో అరుగు దులిపాడు.

"నాకెందుకు బావా. నా పొలంల తుంగ పీకుడే అయితలేదు."

మా ఆయన మళ్లీ అడగలేదు. కాసేపు ఇద్దరూ చెరుకు ధర గురించి మాట్లాడుకున్నారు. కౌలు మాట ఆ అరుగు మీద నుంచి మళ్లీ వినబడలేదు. ఊళ్లో ఎవరికీ చెయ్యి సంగతి తెలియలేదు. తెలిసినవాళ్లు ఉంటే తెలిసినట్టు కనబడలేదు.

మోటారు మార్చి చిన్నది పెట్టించుకోవచ్చు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. బయట ఆయన బటన్ నొక్కుతూ, లోపల ఒకరోజు నేను, ఒకరోజు తమ్ముడు తిప్పుతూ చాలా ఏళ్లు గడిచాయి. తమ్ముడు వచ్చిన రోజు గిన్నె మూత చప్పుడును బట్టి నాకు తెలిసేది.

ఇప్పుడు మా ఊళ్లో త్రీ ఫేజు రోజంతా ఉంటోంది. నాకు కారు తోలడం రాదు, షట్టర్ లేపే పని లేదు. అయినా కదలకపోతే రేకు తుప్పు పడుతుందని వారానికోసారి తమ్ముడు వెనక తలుపులోంచి వచ్చి తిప్పుతాడు. అతనికీ వయసు మీద పడింది. బటన్ నొక్కితే పోయేదానికి తిప్పడం ఎందుకని మొదటిసారి అడిగాను.

"బటన్ బావది అక్కా," అని, బియ్యం డబ్బా మూత తీశాడు.